గవ్వల రాయీ, మా ఇంటి మసీ

మా ఇంటి ఓనరు వెర్నాగారు ఫోన్ చేసేసరికి నేను మంచి మూడ్‌లో ఉన్నాను. మూడ్ బాగుంటే నాకు నోరు ఆగదు. మూడ్ బాగోకపోయినా ఆగదనుకోండి, కానీ అప్పుడు మధ్యమధ్యలో కాసిని నిజాలు దొర్లుతాయి.

ఆవిడకి ఎనభై ఒక్కటి. బెంటన్‌విల్ ఊరి చివర, ఏటి పక్కన మేం అద్దెకుంటున్న ఇల్లు ఆవిడా, భర్త క్లైడూ కలిసి కట్టుకున్నది. పొరపాటున 'కట్టించుకున్నది' అన్నానంటే వెంటనే సరిచేస్తారు. రాళ్ళు మోసిన మనిషి కదా. క్లైడ్ పోయాక ఆవిడ పెద్దవాళ్ళ హోమ్‌కి మారిపోయి ఇల్లు మాకిచ్చారు. ఇది ఆరేళ్ళ కిందటి మాట. విశ్వనాథ్ అనే నా పేరు ఆవిడ నాలిక మీద నిలబడలేక 'విష్' అయింది. సగం పేరు పోతే పోయింది, చివర ఒక సున్న చేర్చి విషం చెయ్యలేదు, అదే పదివేలు.

"విష్, సోమవారం నేను ఆరెగాన్ వెళ్ళిపోతున్నాను, మా అమ్మాయి దగ్గరికి. ఇంక తిరిగి రాను" అన్నారు ఆవిడ ఇంగ్లిష్‌లో. "ఆదివారం చర్చి అయ్యాక ఒక్క గంట మీ ఇంటికి రావచ్చా? ఫైర్‌ప్లేస్ ముందు కూర్చోవాలి. క్లైడ్ పెట్టిన గవ్వల రాయిని చూసుకోవాలి. అది బాగానే ఉందా?"

"బాగుండటమేంటి వెర్నాగారూ! క్లైడ్‌గారు వదిలినట్టే ఉంది. రోజూ పొద్దున కాఫీ తాగుతూ నేను చూసేది దాన్నే."

"థాంక్యూ విష్. ఈ వారమంతా అదే భయంగా ఉంది. నాకు అది చాలు" అని పెట్టేశారు.

నేను ఫోన్ జేబులో పెట్టుకుని ఫైర్‌ప్లేస్ వైపు తిరిగాను. కింద నుంచి పైకప్పు దాకా రాళ్ళు. అందులో గవ్వల రాయి ఏదో నాకు తెలియదు. తెలిసే వీలు కూడా లేదు, ఎందుకంటే పొయ్యి నోటి చుట్టూ ఉన్న రాళ్ళన్నీ ఒకే రంగులో ఉన్నాయి. ఆ రంగు నలుపు.

ఈ నలుపు వెనక ఒక పచ్చడి ఉంది. మా వంటింట్లో ఉన్నది గాజు పలక పొయ్యి. గిన్నె పెడితే వేడెక్కుతుంది కానీ మంట కంటికి కనబడదు. మంట లేనిదే వంకాయ కాలదు, వంకాయ కాలనిదే మా అత్తయ్యకి పచ్చడి కాదు. అత్తయ్య పేరు లక్ష్మీకాంతం, ఊరు కాకినాడ, ఏడాదికి ఆర్నెల్లు మా దగ్గర ఉంటుంది. మొదటిసారి వచ్చిన రోజే ఫైర్‌ప్లేస్ ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "హాల్లో ఇంత పొయ్యి పెట్టుకుని, వంకాయ కాల్చుకోడానికి చోటు లేదంటారేంటండీ అల్లుడుగారూ?" అంది. వంటకి ఒక గది, మంటకి ఒక గది ఉన్న ఇల్లని నాకూ అప్పుడే తెలిసింది. అప్పట్నుంచి అందులో వంకాయలు కాలాయి, మొక్కజొన్న పొత్తులు కాలాయి, చిలకడదుంపలు కాలాయి, రెండుసార్లు నా చొక్కా చేతులూ కాలాయి.

చిమ్నీ లోపల పొగ పోయే దారికి ఒక ఇనుప తలుపుంటుంది. దాన్ని బార్లా తెరిస్తే ఇంట్లో వేడి కూడా బయటికి పోతోందని మా ఆవిడ నాగమణి సగం మూసేది. సగం పొగ పైకి పోయేది, మిగతా సగం మా ఇంట్లోకి చుట్టంలా వచ్చి రాళ్ళ మీద కూర్చునేది. పొగకీ పొగడ్తకీ ఒకటే గుణం, ఎక్కుతున్నప్పుడు తెలియదు. ఆరేళ్ళూ మేం అది రాయి రంగే అనుకున్నాం.

"ఎవరండీ ఫోను?" అంది నాగమణి వంటింట్లోంచి.

"వెర్నాగారు. సోమవారం ఆరెగాన్ వెళ్ళిపోతారట, ఇంక రారట. ఆదివారం వస్తున్నారు, గవ్వల రాయి చూసుకోడానికి."

"ఏ రాయి?"

"అదే నేనూ వెతుకుతున్నాను."

"మీరేం చెప్పారు?"

"రోజూ కాఫీ తాగుతూ చూస్తుంటానని."

నాగమణి చేతిలో గరిటెతో హాల్లోకి వచ్చింది. "మీరు కాఫీ తాగేది గరాజ్‌లో కదండీ, ఫోన్ చూసుకుంటూ? ఆవిడ పెద్దావిడ. మళ్ళీ రానంటోంది. అలాంటి మనిషికి అబద్ధం ఎలా చెప్పాలనిపించింది?"

అనిపించి చెప్పే మనిషినయితే ఇన్ని మాటలు ఎందుకు చెబుతాను? నోట్లో మాట ఉండగానే బయట పడేస్తాను, నిజమో కాదో తర్వాత తీరిగ్గా చూసుకుంటాను. కానీ ఆవిడ 'నాకు అది చాలు' అన్న తీరు చెవిలోంచి పోవడం లేదు. ఆదివారానికి ఇంకా నాలుగు రోజులుంది. నేను అన్న మాటని నిజం చెయ్యడానికి మిగిలింది ఆ నాలుగు రోజులే.

శుభ్రం చేసేవాళ్ళకి ఫోన్ చేస్తే రెండు వారాల దాకా ఖాళీ లేదన్నారు.

"అయితే ఎవరు తుడుస్తారు?" అంది నాగమణి.

"ఇంకెవరు? ఇంగ్లిష్‌లో మసిని సూట్ అంటారు. ఇంటర్వ్యూలకి సూట్ వేసుకున్నవాణ్ణి, ఇంటి కోసం సూట్ పూసుకోలేనా?"

"ఆ సూట్ మీకు సూట్ అవదు" అంది నాగమణి సూటిగా.

బుధవారం నాడు బుద్ధి లేని పని చేశాను. ఆఫీస్‌కి వర్క్ ఫ్రమ్ హోమ్ అని చెప్పి, బకెట్‌లో వేన్నీళ్ళు పెట్టుకుని, తడి బట్టతో ఒక రాయిని గట్టిగా రుద్దాను. మసి కాస్తా సిరా అయింది. రాయి మీద నుంచి కిందికి ధారగా కారి, కింద ఉన్న మంచి రాళ్ళ సందుల్లోకి చక్కగా ఇంకింది. నేను ఒక రాయి తుడుద్దామని మొదలుపెట్టి నాలుగు రాళ్ళు పాడు చేశాను.

అత్తయ్య సోఫాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఆవిడ నవ్వలేదు. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

"నా వంకాయల మసి అండీ అది. నేను పెట్టిన మసి మీరు తుడుస్తుంటే కుర్చీలో కూర్చోడం నాకేం బాగుంటుంది? ఆ బట్ట ఇటివ్వండి."

"మీరు చేసిన పచ్చడి నేనూ తిన్నాను కదా అత్తయ్యా. మీకంటే రెండు ముద్దలు ఎక్కువే."

"నాలుగు" అంది నాగమణి లాప్‌టాప్ మీద నుంచి తల ఎత్తకుండా.

సాయంత్రం హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళాను. ఎర్ర ఆప్రాన్ కట్టుకున్న పెద్దాయన ఒకాయన నా చేతులూ, చొక్కా, ముక్కూ చూసి, "నీళ్ళు వాడావు కదూ?" అన్నాడు. డాక్టర్ దగ్గర ఒప్పుకున్నట్టు ఒప్పుకున్నాను. ఆయన ఒక రబ్బరు స్పాంజి తెచ్చిచ్చాడు. దీన్ని తడపకూడదు, పొడిగానే మసి మీద ఒక్కో గీత చొప్పున లాగాలి, రుద్దకూడదు, పై నుంచి కిందికి రావాలి. మసి పొడిగా వచ్చినంతా వచ్చాక మాత్రమే సబ్బు నీళ్ళు. అవి పెట్టేముందు కూడా రాయిని మంచినీళ్ళతో తడిపితే మురికి నీళ్ళు లోపలికి ఇంకవు. ఇవన్నీ ఓపిగ్గా చెప్పి, "ఏం రాయి?" అని అడిగాడు.

"ఏటి రాయి. ఇక్కడిదే."

"అయితే సున్నపురాయి. దానికి పులుపు మాత్రం తగలనివ్వకు. వెనిగర్ లాంటివి పోశావో, రాయి కరుగుతుంది."

సరేనన్నాను. ఇంటికొచ్చి స్పాంజి గురించి అరగంట చెప్పాను. స్కూల్లో తప్పులు చెరుపుకునే రబ్బరు లాంటిదే ఇది, నా తప్పు సైజుకి తగ్గట్టు ఇటుకంత ఉందని చెప్పాను. ఆప్రాన్ కట్టుకున్నాయన మీసాల గురించి చెప్పాను. షాపులో పార్కింగ్ గురించి చెప్పాను. వెనిగర్ మాట చెప్పలేదు. మా ఇంట్లో వెనిగర్ లేదు కదా, లేనిదాని గురించి చెప్పడమెందుకు అనుకున్నాను. జీవితంలో ఒక్కసారి మాట పొదుపు చేద్దామనుకున్నాను, అదీ అక్కడ.

గురువారం, శుక్రవారం ఆఫీస్ అయ్యాక నిచ్చెనెక్కాను. కింద పాత దుప్పట్లు పరిచాం, బూడిద తీసి ఇనుప బకెట్‌లో పోశాం, ముక్కుకి మాస్కు కట్టాను. మాస్కు కట్టాక నా మాటలు సగమే వినబడుతున్నాయని ఇంట్లో అందరూ సంతోషించారు. స్పాంజితో ఒక్క గీత లాగితే రాయి మీద తెల్లటి దారి పడేది. పెళ్ళిలో అక్షింతలు పడ్డట్టు మసి రాలేది. స్పాంజి ఒక వైపు నల్లబడితే తిప్పి రెండో వైపు, అదీ నల్లబడితే పై పొర చాకుతో కోసేసి మళ్ళీ మొదలు. ఆ పనిలో ఒక నెమ్మది ఉంది. తొందరపడితే మసి నలిగి లోపలికి పోతుంది, నెమ్మదిగా లాగితే వస్తుంది. నా కింద అత్తయ్య నిచ్చెన పట్టుకుని నిలబడి, "ఆ మూల వదిలేశారండీ... ఇంకొంచెం ఎడమకి... అదీ" అంటూ ఉండేది. గోధుమరంగూ, బూడిదరంగూ, కొంచెం తేనెరంగూ కలిసిన రాళ్ళు ఒక్కోటీ బయటికొస్తుంటే, ఆరేళ్ళు కలిసి ఉన్న మనుషుల మొహాలు ఇప్పుడు చూస్తున్నట్టుగా ఉంది.

శుక్రవారం సాయంత్రం పొయ్యి నోటికి సరిగ్గా పైన, మధ్యలో ఉన్న పెద్ద రాయి మీద స్పాంజి లాగాను. మసి కింద ఏదో గరుకుగా తగిలింది. ఇంకో గీత లాగాను. చొక్కా గుండీలంత చక్రాలు, మధ్యలో చిన్న చిల్లులు, పది పన్నెండు, రాయిలోంచే పుట్టుకొచ్చినట్టు ఉబ్బుగా ఉన్నాయి. కొన్ని ఒకదాని మీద ఒకటి పేరిస్తే పడిపోయిన నాణేల్లా ఉన్నాయి. పక్కన చిన్న గవ్వ అచ్చు ఒకటి.

"దొరికింది!" అని అరిచాను. నిచ్చెన కదిలింది.

నాగమణి వచ్చి ఫోన్‌లో వెతికి చెప్పింది, ఎన్నో కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడంతా సముద్రం ఉండేదట, ఆ సముద్రంలో బతికినవాటి ముక్కలట ఇవి.

"సముద్రమా? ఇక్కడా?" అత్తయ్య మునివేళ్ళ మీద లేచి, వేలితో ఒక్కో చక్రాన్నీ తాకింది. "మా కాకినాడలో ఉండాల్సినవి ఇక్కడికెలా వచ్చాయండీ?"

"వీసా లేకుండా వచ్చాయత్తయ్యా. అప్పట్లో అడిగేవాళ్ళు లేరు."

ఆ రాత్రి భోజనాల దగ్గర నేను చాలా గొప్పవాణ్ణి. అబద్ధం చెప్పి, దాన్ని మూడు రోజుల్లో నిజం చేసినవాణ్ణి. ఒక్క లోపం మిగిలింది. ఆ రాయి మీద ఒక పక్కన అరచేతంత పసుపు మరక, నూనె మరక అనుకుంటాను, స్పాంజికీ సబ్బుకీ కూడా పోలేదు. వంటసోడా ముద్ద చేసి పట్టిస్తే లాగేస్తుందని నాగమణి ఎక్కడో చదివింది. ఇంట్లో సోడా అయిపోయింది. శనివారం పొద్దున్నే ఇద్దరం సోడాకీ, ఆదివారం వెర్నాగారికి కేకు కోసం సరుకులకీ బయల్దేరాం.

గంటన్నరలో తిరిగొచ్చాం. తలుపు తియ్యగానే వాసన వచ్చింది. మా ఇంట్లో పండక్కి ముందు రోజు వచ్చే వాసన. ఇత్తడి దీపపు కుందులు తోమే వాసన.

అత్తయ్య స్టూలెక్కి నిలబడింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంది. ఎడమ చేతిలో స్టీలు గిన్నె, గిన్నెలో నానబెట్టి పిసికిన చింతపండు, కల్లుప్పు. కుడి చేతిలో సగం నిమ్మచెక్క. ఆ నిమ్మచెక్కతో గవ్వల రాయిని, కుందిని తోమినట్టు, గుండ్రంగా, ప్రేమగా తోముతోంది.

"వచ్చారా! చూడండి అల్లుడుగారూ, మీ సబ్బుకి పోనిది ఎలా పోతోందో! బుసబుసా పొంగుతోందండీ, ఎంత మురికి పట్టిందో!"

పొంగుతున్నది మురికి కాదు, రాయి. చింతపండుని చూశాను, నా చింత పండింది.

"అత్తయ్యా, ఆపండి!" అన్నాను. నా గొంతు ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది. కానీ అది నవ్వుతో గట్టిగా ఉండే గొంతు. ఈ గొంతు నేను కూడా ఎప్పుడూ వినలేదు. అత్తయ్య స్టూలు మీదే బిగుసుకుపోయింది. నాగమణి వెళ్ళి చెయ్యి పట్టుకుని దింపింది.

కడిగాం. మళ్ళీ మళ్ళీ మంచినీళ్ళతో కడిగాం. తెచ్చిన సోడా కలిపిన నీళ్ళు కూడా పట్టించాం, మిగిలిన పులుపు విరగడానికి. తడి ఆరాక చూస్తే రాయి సగం సున్నం కొట్టిన గోడలా పాలిపోయి ఉంది. పసుపు మరక పోయింది. దాంతోపాటు ఆ పక్కన ఉన్న చక్రాల అంచులు కూడా పోయాయి. నోట్లో చప్పరించి తీసిన పిప్పరమెంట్ల లాగా నున్నగా, గుర్తుపట్టలేకుండా ఉన్నాయి. రెండో పక్కన అయిదు చక్రాలూ, గవ్వ అచ్చూ మిగిలాయి.

"ఏం చేశాను నేను?" అంది అత్తయ్య. 

చెప్పాను. సున్నపురాయి గురించి, పులుపు గురించి, ఆప్రాన్ కట్టుకున్నాయన చెప్పిన మాట గురించి. చెబుతుంటేనే అర్థమైంది, ఆ మాట బుధవారం రాత్రి చెప్పాల్సింది. సున్నపురాయి పరీక్షలో నాకు వచ్చింది పెద్ద సున్నా.

"మరి నాకెందుకు చెప్పలేదండీ?"

"వెనిగర్ లేదు కదా అనుకున్నాను అత్తయ్యా. మన ఇంటి పులుపు చింతపండు అని తట్టలేదు."

"ఊళ్ళోవాళ్ళ కబుర్లన్నీ చెబుతారు" అంది నాగమణి, అంతే.

ముగ్గురం రాయి ముందు కూర్చున్నాం. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి వచ్చి సరిగ్గా దాని మీదే పడింది. చుట్టూ ఉన్న రాళ్ళు ఎంత శుభ్రంగా ఉన్నాయో, అది అంతగా కనబడుతోంది.

"దాని ముందు ఫ్లవర్ వేజ్ పెడితే?" అంది నాగమణి.

"ఆవిడ వస్తున్నదే దాన్ని చూడ్డానికి."

"మరేం చేద్దాం?"

నాకు ఒక ఆలోచన వచ్చింది. ఆలోచన అని ఇప్పుడంటున్నాను కానీ, అప్పుడు అది తెలివి అనుకున్నాను. గరాజ్‌లోకి వెళ్ళి బూడిద బకెట్ తెచ్చాను. చిన్న బట్టకి కాసింత మసి అద్దుకున్నాను. పాలిపోయిన సగం మీద పల్చగా రుద్దితే మిగతా రాయి రంగులో కలిసిపోతుంది. వెర్నాగారి కళ్ళు ఎలాగూ అంత బాగా ఆనవు. మూడు రోజులు మసి తీసినవాణ్ణి, నాలుగో రోజు మసి పెట్టడానికి స్టూలెక్కాను.

అత్తయ్య నా చొక్కా కొస పట్టుకుని లాగింది. ఆవిడ ఎప్పుడూ నన్ను అలా లాగలేదు. అల్లుణ్ణి అలా లాగరు.

"దిగండి."

"అత్తయ్యా, ఆవిడ బాధపడుతుందని..."

"బాధ పడనీండి. నేను చేశాను, నేను చెప్పుకుంటాను. ఆవిడ మొగుడు పెట్టుకున్న రాయండీ అది. దాని మీద మళ్ళీ మసి పూసి, చూసుకోమ్మా అని కూర్చోబెడతారా? ఎల్లుండి ఆ మనిషి విమానం ఎక్కి వెళ్ళిపోయాక మనకి ముద్ద దిగుతుందా?"

నేను దిగాను. చెయ్యి కడుక్కున్నాను. ఆ రాత్రి నేను అన్నం తింటూ ఒక్క జోకు కూడా వెయ్యలేదని నాగమణి నా నుదురు పట్టుకుని చూసింది, జ్వరమేమో అని.

ఆదివారం పన్నెండున్నరకి చర్చివాళ్ళ కారు ఒకటి వెర్నాగారిని గుమ్మం దగ్గర దింపి, గంటలో వస్తామని చెప్పి వెళ్ళిపోయింది. నీలం రంగు గౌను, చేతికర్ర, జుట్టు చక్కగా దువ్వుకుని ఉన్నారు. సన్నబడ్డారు. లోపలికి వస్తూనే హాలు వైపు నడవబోయారు.

"వెర్నాగారూ, ఒక్క నిమిషం" అన్నాను గుమ్మంలోనే. "ముందు నేనొకటి చెప్పాలి."

ఆగారు.

"ఫోన్‌లో మీకు అబద్ధం చెప్పాను. క్లైడ్‌గారి రాయిని నేనెప్పుడూ చూడలేదు. అప్పటికి అది ఏదో కూడా నాకు తెలియదు. అన్ని రాళ్ళూ మసి పట్టి ఉన్నాయి. మీతో మాట్లాడాక తుడవడం మొదలుపెట్టాను. శుక్రవారం రాయి దొరికింది. శనివారం సగం పాడైంది. పులుపు తగిలి కరిగింది. పులుపు తగలకూడదని నాకు ముందే తెలుసు, ఇంట్లో చెప్పలేదు."

ఇంత పొడుగ్గా ఒక్క చమత్కారం లేకుండా మాట్లాడేసరికి నాకు ఊపిరాడనట్టయింది.

వెనక నుంచి అత్తయ్య వచ్చింది. ఆవిడకి ఇంగ్లిష్ రాదు. నేను చెప్పేది అర్థం కాకపోయినా, నేను తప్పంతా నా మీద వేసుకుంటున్నానని నా మెడ వంపు చూసి పసిగట్టింది. వెర్నాగారి ముందుకొచ్చి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, "నేను" అంది తెలుగులోనే. హాల్లో ఉన్న స్టూలు వైపు వేలు చూపించి, గుప్పిట పట్టి గాల్లో గుండ్రంగా తోమి చూపించింది. తర్వాత రెండు చేతులూ జోడించింది.

వెర్నాగారు ఆ జోడించిన చేతులని చూశారు. వేళ్ళ కొసలు చింతపండుకి ఇంకా ఎర్రగానే ఉన్నాయి. కర్ర పొడుచుకుంటూ ఫైర్‌ప్లేస్ దగ్గరికి నడిచారు.

చెయ్యి ఎత్తి, ముందు మిగిలిన అయిదు చక్రాలనీ తడిమారు. గవ్వ అచ్చులో చిటికెన వేలు పెట్టారు, అది తనకి ముందు నుంచీ అలవాటున్న చోటే అన్నట్టు. తర్వాత అరిగిపోయిన సగం మీదకి చెయ్యి జరిపారు. అక్కడ చాలాసేపు ఉంచారు.

"ఇక్కడ ఏడుండేవి" అన్నారు.

"అవును" అన్నాను.

"ఏట్లోంచి తెచ్చాం దీన్ని. ఒక చక్రం బండి మీద, ఇద్దరం తోసి. దారిలో రెండుసార్లు పడింది. క్లైడ్ ఉంటే నిన్నిప్పుడు ఆ ఏట్లోకే తోసేవాడు, విష్."

"తోసినా తప్పులేదు."

ఆవిడ నా వైపు తిరిగారు. కళ్ళు తడిగా ఉన్నాయి, కానీ కోపమా కాదా నాకు తెలియలేదు. "గుమ్మంలోనే చెప్పావు. నేను చూశాక చెప్పి ఉంటే, నీతో మాట్లాడేదాన్ని కాదు" అన్నారు. "నాకొక కుర్చీ వెయ్యి. తర్వాత మీరంతా లోపలికి వెళ్ళండి. నాకు ఇంకా యాభై నిమిషాలుంది. మాటలు వద్దు, విష్. నీ మాటలు అసలే వద్దు."

కుర్చీ వేశాను. నాగమణి ఆవిడ పక్కన మంచినీళ్ళు పెట్టింది. అత్తయ్య తన శాలువా తెచ్చి ఆవిడ మోకాళ్ళ మీద కప్పింది. వెర్నాగారు అత్తయ్య చెయ్యి పట్టుకుని, ఆ ఎర్రబడ్డ వేళ్ళని ఒకసారి తిప్పి చూసి, వదిలేశారు. మేం ముగ్గురం వంటింట్లో బల్ల చుట్టూ కూర్చున్నాం. కేకు కొయ్యలేదు. కుళాయి తిప్పలేదు. నేను నోరు మూసుకుని కూర్చోవడం చూసి ఫ్రిజ్ కూడా గుర్రుమనడం ఆపేసింది.

పది నిమిషాలకి హాల్లోంచి గొంతు వినబడింది. ఫోన్‌లో మాట్లాడుతున్నారేమో అనుకున్నాను. కాదు.

"ఏమంటోందండీ?" అంది అత్తయ్య గుసగుసగా. "నన్నే తిడుతోందా?"

నేను చెవి పెట్టి విన్నాను. నేను ఏదైనా అనువదిస్తే అందులో సగం నా సొంత సరుకే ఉంటుంది. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను.

"వాళ్ళాయనతో మాట్లాడుతున్నారు. 'క్లైడ్, నీ రాయి సగం పోయింది' అంటున్నారు."

అత్తయ్య కళ్ళు మూసుకుంది.

"'పాడు చేసినావిడ నాకంటే పొట్టిది. స్టూలెక్కి తోమిందట. ఈ వయసులో.'" ఆగి విన్నాను. "'నలభై ఏళ్ళలో నువ్వు ఒక్కసారైనా తోమావా? నన్ను తోమనిచ్చావా? ఏడాదికి రెండుసార్లు వెలిగించి, దగ్గరికి పోకు, మసి అంటుకుంటుంది అనేవాడివి.'"

"ఇంకా?"

"'నాకు మాత్రం ఆ ఏడూ ఎక్కడెక్కడున్నాయో వేలికి తెలుసు. నీకు తెలుసా? కళ్ళు మూసుకుని చెప్పు చూద్దాం.'"

హాల్లో వెర్నాగారు ఒక్కో చక్రాన్నీ లెక్కపెడుతున్నారు. ఒకటి, రెండు, మూడు. మధ్యలో ఎక్కడో తప్పి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టారు. ఏడు దగ్గర ఆగారు. తర్వాత నవ్వారు. చిన్న నవ్వు, పక్కన ఉన్న మనిషికి మాత్రమే వినబడాలన్నట్టు. ఆ తర్వాత గొంతు ఆగిపోయింది.

"ఇప్పుడేమంటోంది?" అంది అత్తయ్య, చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

"ఏమీ అనట్లేదు అత్తయ్యా."

"మరయితే మీరూ ఊరుకోండి."

ఊరుకున్నాను. మైక్రోవేవ్ గడియారం ప్రకారం చర్చివాళ్ళ కారు రావడానికి ఇంకా ఇరవై ఎనిమిది నిమిషాలుంది.